మూడో అంతస్తులో గూడెం

మా జిల్లాలో నేను ఎక్కని కొండ లేదు. ఊరికే అంటున్న మాట కాదు, డెబ్బై మూడేళ్ళ వయసు మీద అంటున్నాను. ఏ కొండకి ఎటునుంచి దారి, ఏ మలుపులో ఊట, ఏ గుట్టమీద ఎలుగుబంటి ఏ వేళకి నిద్ర లేస్తుంది, అన్నీ నాకు నోటికొచ్చు. ఓసారి ఒక ఎలుగు ఎదురొచ్చి, నన్ను పోల్చుకొని, దారి వదిలి పక్కకి నిలబడింది. పిల్లలతల్లి, మర్యాద తెలిసిన జంతువు. నా పేరు బెవర సన్యాసి. ఊరి బళ్ళో అయిదు దాకా చదివాను. ఆరో తరగతి మా ఊళ్ళో లేదు, అది ఉన్న ఊరికి నడిచే ఓపిక నాకు లేదు. కొండల కింద టౌనులో ఒక పెద్ద మేడకెదురుగా ముప్పై ఏళ్ళుగా టీ కొట్టు నడుపుతున్నాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కొండల సంగతి ఇంత తెలిసినవాణ్ణి గనకనే ప్రభుత్వంవారు నన్ను అయిదు నెలలపాటు ఆదివాసీగా నియమించారు.

నవ్వకండి, కార్డు ఉంది. 'నమూనా గిరిజనుడు - 1' అని పైన, నా ఫొటో మధ్యన, గుండ్రటి ముద్ర కింద. రెండో నెంబరు ఎవరికీ ఇవ్వలేదు.

సంగతి ఇలా మొదలయింది. పైనెక్కడో ఒక కమిటీ కూర్చుని, కొండ బళ్ళలో పిల్లలకి చదువెందుకు రావడం లేదా అని రెండేళ్ళు ఆలోచించింది. చివరికి తేల్చిందేమంటే, అక్కడికి వెళ్ళే మేష్టర్లకి కొండవాళ్ళ సంగతి తెలియదని. ఈ మాట నా కొట్టు బెంచీ మీద కూర్చున్నవాణ్ణి ఎవణ్ణి అడిగినా టీ చల్లారేలోగా చెప్పేవాడు. అయినా నిజమైన మాటే. నిజమైన మాట ఆఫీసులో పడితే ఏమవుతుందో చూడండి. మేష్టర్లకి కొండ తెలియదు కాబట్టి వాళ్ళని కొండకి పంపి అక్కడ ఉండమనాలి అని మీరూ నేనూ అనుకుంటాం. ఆఫీసు అలా అనుకోలేదు. తెలియనివాణ్ణి కొండకి పంపితే గిరిజనుల మనోభావాలు గాయపడతాయి గనక, కింద టౌనులోనే పూర్తిగా తెలియజేసి, తెలిసినట్టు సర్టిఫికెట్టు ఇచ్చి, ఆపైన పంపాలని తీర్మానించింది. అది లేనివారు ఎవరైనా సరే, వచ్చే జూన్ నుంచి గిరిజన బడిలో సుద్దముక్క పట్టరాదు. సర్టిఫికెట్టు ఉన్న మేష్టరు దొరకని బడి మూసేస్తారు. పిల్లలు పక్క బడికి పోవాలి.

అలా నా కొట్టుకెదురుగా ఉన్న మేడకి 'గిరిజన సేవా ఉపాధ్యాయ సంసిద్ధతా కేంద్రం' అని బోర్డు వచ్చింది. డైరెక్టరు పరాంకుశం గారు. చెడ్డవాడు కాదు. ఒక వాక్యంలో అయ్యేదాన్ని నాలుగు వాక్యాల్లో చెబుతారు, అయిదో వాక్యంలో మొదటిదాన్ని వెనక్కి తీసుకుంటారు.

ముందుగా ఒక గూడెం కావలసివచ్చింది. నేర్పడానికి గూడెం ఉండాలి కదా. మేడలో కింద ఆఫీసు, మొదటి అంతస్తులో సమావేశ మందిరం, రెండోదాంట్లో ఫైళ్ళు. మిగిలింది మూడోది. గిరిజనులు ఎత్తయిన ప్రదేశాల్లో నివసిస్తారు గనక మూడో అంతస్తే శాస్త్రీయమని పరాంకుశం గారు నోటు రాశారు. అక్కడ థర్మాకోలు కొండ, దానికి ఆకుపచ్చ రంగు, ప్లాస్టిక్ జీలుగు చెట్టు, మోటారు వేస్తే పారే సెలయేరు, గడ్డి కప్పిన ఒక పాక. పొద్దున్నే స్పీకరులో కోడి కూస్తుంది. కరెంటు లేనినాడు కూయదు, కూయనినాడు హాజరు తీసుకోరు. చేరినవాళ్ళకి కొండలెక్కే అలవాటు కావాలని లిఫ్టు నిషేధించారు. పరాంకుశం గారు మాత్రం లిఫ్టులోనే వచ్చేవారు. ఆయన అప్పటికే సంసిద్ధులు.

గూడెం అయింది. అందులో ఉండడానికి మనిషి కావాలి. ఆ రోజు నేను టీలు పట్టుకెళ్తే పరాంకుశం గారు నన్ను కిందనుంచి పైదాకా చూసి, ఆ పనికి నేను పనికొస్తానన్నారు. కొండలనిండా మనుషులుండగా నేనెందుకండీ అన్నాను.

"ఆ వర్గానికి చెందిన వ్యక్తియే నిర్ణేతగా వ్యవహరించిన యెడల పక్షపాతానికి తావిచ్చినట్లవుతుంది. కావున సదరు స్థానంలో తటస్థుడైన గిరిజనుడు అవసరం."

తటస్థుడైన గిరిజనుడంటే ఎవరండీ అని అడిగాను. గిరిజనుడు కానివాడు అన్నారు. నాకు అర్హత ఉందని అప్పుడు తెలిసింది.

వేషం నాటకాల సామాన్లు అద్దెకిచ్చే కొట్టునుంచి తెచ్చారు. నెత్తిమీద నెమలీకలు, మెళ్ళో గవ్వలు, చేతిలో విల్లు. నేను ప్రతి సోమవారం సంతకి దిగే సవరవాళ్ళని చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. చొక్కాలూ లుంగీలూ కట్టుకుంటారు, పసుపూ చింతపండూ అమ్ముకుంటారు, సెల్‌ఫోనులో మాట్లాడతారు. ఇలాంటి ఈకలు ఎవరి నెత్తిమీదా చూళ్ళేదు. ఆ మాటే వైజయంతి మేడంతో అన్నాను. ఈ మేడం రాజధానినుంచి వచ్చారు, శిక్షణ పుస్తకం ఆవిడే రాశారు, మూడువందల నలభై పేజీలు. రాసేటప్పుడు కొండకి వెళితే నిష్పాక్షికత దెబ్బతింటుందని వెళ్ళలేదట. సంతలో కనిపించేవారు పరిసరాల ప్రభావానికి లోనైన గిరిజనులనీ, నేను ప్రభావానికి లోనుకాని గిరిజనుణ్ణనీ ఆవిడ నాకు వివరించారు.

నలభైమంది చేరారు. ముప్పై తొమ్మిదిమంది కింద టౌన్లవాళ్ళు. నలభయ్యో మనిషి సవర చామంతి.

ఇరవై మూడేళ్ళ పిల్ల. కొండమీద జీలుగ్గూడ వాళ్ళది, ఇరవై ఏడు గడపలు. మేష్టరు ట్రైనింగు మామూలుది ముందే పాసయి, మూడేళ్ళుగా సొంత ఊరి బళ్ళో వాలంటీరుగా ముప్పై ఒక్కమంది పిల్లలకి చెబుతోంది. అంతకుముందున్న మేష్టరు నెలకోసారి వచ్చి సంతకాలు పెట్టి పోయేవాడు. ఈ పిల్ల ముందు వాళ్ళ మాటలో చెప్పి, తర్వాత తెలుగులో చెబుతుంది. పిల్లలు చదువుతున్నారు. కాగితం లేకపోతే జూన్‌లో ఆ బడి మూసేసి, పిల్లల్ని తొమ్మిది కిలోమీటర్ల అవతల గెడ్డ, అంటే కొండవాగు, దాటి వెళ్ళమంటారు. వానాకాలం ఆ గెడ్డ పెద్దవాళ్ళే దాటరు. చామంతి వాళ్ళక్క చదువు ఆ గెడ్డ దగ్గరే ఆగిపోయింది. అందుకని ఈ పిల్ల రోజూ అందరికంటే ముందొచ్చి, మెట్లన్నీ ఎక్కి, ప్లాస్టిక్ చెట్టు కింద కూర్చునేది.

మొదటి పరీక్ష 'గృహ సందర్శన'. ఒక్కొక్కరే పాకలోకి రావాలి, గిరిజనుడికి నమస్కరించాలి, నేను పుస్తకంలో ఉన్న మాటలు చెప్పాలి. చామంతి వంగి లోపలికొచ్చి, నా ఈకలు చూసి, చాలాసేపు పెదిమ బిగబట్టుకుంది. తర్వాత మాది ఏ ఊరని అడిగింది. "నేను కొండకోనల బిడ్డను" అన్నాను, పన్నెండో పేజీ.

"ఏ కొండ తాతా?" అంది.

ఇక్కడ మీకో మాట చెప్పెయ్యాలి. ఎక్కని కొండ లేదని మొదట్లో అన్నాను చూడండి, నిజానికి ఎక్కిన కొండ ఒక్కటీ లేదు. మోకాళ్ళు ఒప్పుకోవు, మోకాళ్ళు బాగున్న రోజుల్లో నేను ఒప్పుకోలేదు. ఎలుగుబంటిని చూసింది సర్కస్సులో. అది సైకిలు తొక్కుతోంది, నన్ను చూసి ఆగలేదు. ఇంతమందికి ఇన్నేళ్ళు చెప్పుకొచ్చిన కథ ఆ పిల్ల ముందు ఎందుకో నోట్లోంచి రాలేదు. ఏ కొండా ఎరగనమ్మీ, ఎదురుగా టీ కొట్టు నాది అన్నాను. అప్పుడు బిగబట్టిన నవ్వు వదిలేసింది. తర్వాత పైకి చూసి, ఈ గడ్డి ఎవరు కప్పారు తాతా, తిరగేసి కప్పారు, మొదటి వానకే కారిపోతాది అంది. మూడో అంతస్తులో, పైన శ్లాబు కింద ఉన్న పాకకి వాన రాదు గనక ఆ మాట కాంట్రాక్టరుకి తట్టి ఉండదు. తలుపు వెనకనుంచి వింటున్న వైజయంతి మేడం రాసుకున్నారు: 'ఆతిథేయుని నివాసం పట్ల విమర్శనాత్మక ధోరణి.' ఆరు మార్కులు పోయాయి.

సవర భాష పరీక్షలో చామంతికి ఇరవై అయిదుకి పదకొండు వచ్చాయి. పుస్తకంలో లేని మాటలు వాడిందట. పుస్తకంలో ఉన్న ముప్పై మాటలూ బట్టీపట్టిన కోస్తా టౌను కుర్రాడికి ఇరవై నాలుగు. చామంతి అమ్మ దగ్గర నేర్చుకుంది, అది గుర్తింపు పొందిన కేంద్రం కాదు.

సాయంత్రాలు నా కొట్టుకొచ్చేది. మార్కులు పోతున్నాయని బాధ ఉన్నా పైకి చెప్పేది కాదు, బడి సంగతులు చెప్పేది. ఈ మధ్య పిల్లలంతా ఊళ్ళో ఇళ్ళ గోడలమీద బొగ్గుతో పేర్లు రాస్తున్నారనీ, ముసలాళ్ళు తమ పేరు ఎలా ఉంటుందో చూసుకోడానికి మనవల్ని బతిమాలుకుంటున్నారనీ చెప్పేది. ఏదెలా పోయినా చివరి పరీక్షలో గట్టెక్కుతానంది. అందులోనే నలభై మార్కులు, అందులో తప్పితే మిగతావన్నీ వచ్చినా లాభం లేదు. చివరి పరీక్ష తిండి. మా తిండి నేను తినలేనా తాతా అంది.

దాని పేరు 'ఆదివాసీ ఆహార అంగీకార పరీక్ష'. దాని వెనక ఆలోచన గొప్పదే. కొండవాళ్ళు పెట్టిన తిండి ముందు ముక్కు ముడిచేవాడు వాళ్ళ పిల్లలకి మేష్టరుగా పనికిరాడు. కాదనేవాడెవడు? అందుకని గిరిజనుడు, అంటే నేను, ఒక గిన్నె ఇస్తాను. వచ్చినవాళ్ళు ప్రసన్నవదనంతో తినాలి, మారు అడగాలి. అప్పుడు పుష్యమాసం, సంతలో కొత్త కందికాయలు దిగాయి. స్థానిక పంట కదా అని మేడం అవే తెప్పించారు. వండింది మా ఇంటిది నారాయణమ్మ. గిరిజన వంట అంటే ఎలా ఉండాలో దానికి ఎవరూ చెప్పలేదు, అందుకని ఉడకబెట్టి రెండింతలు ఉప్పేసింది.

ముప్పై తొమ్మిదిమంది తిన్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకొని తిన్నారు. ప్రకృతి ఒడిలోని రుచి అని ఒకాయన అన్నాడు. కోస్తా కుర్రాడు మూడుసార్లు మారు అడిగాడు, మర్నాడు సెలవు పెట్టాడు.

చామంతి వచ్చి కూర్చుంది. గిన్నెలోకి చూసింది. మొహంలో నవ్వు పోయింది. గిన్నెకి దణ్ణం పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మా ఊళ్ళో ఇంకా కందికొత్త అవలేదు తాతా" అంది.

తెలియనివాళ్ళకి చెబుతున్నాను. సవరవాళ్ళు కొత్త పంట ఏదైనా కొత్త పండగ చెయ్యకుండా నోట పెట్టరు. కందులకి కందికొత్త. ఊరి జన్నోడు, అంటే వాళ్ళకి పూజ చేసే పెద్ద, రోజు పెడతాడు. దేవతలకీ, పోయిన పెద్దలకీ ముందు పెట్టి, అప్పుడు ఊరంతా ఒక్కసారి కూచుని తింటారు. అప్పటిదాకా చేలో కాయ కళ్ళముందు వేలాడుతున్నా ముట్టరు. జీలుగ్గూడలో ఆ ఏడు పండక్కి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

నేను తలుపువైపు వీపు పెట్టి, మేడంకి వినబడకుండా వంగాను. "ఎవులు సూస్తారే అమ్మీ. రెండు గింజలు నోట్లో ఏసుకో, నానేటి మీ జన్నోడికి సెప్తానా? ముప్పై ఒక్కమంది గుంటల సంగతి ఆలోచించు."

"వాళ్ళ సంగతే ఆలోచిస్తన్నాను. అన్నం లేకపోయినా ఆ గుంటలు కాయ ముట్టరు. నేను తిని వెళ్ళి, వాళ్ళ ముందు నిలబడి ఏటి చెప్పాలి?"

ఆ గొంతులో కోపం లేదు. లెక్క తప్పుచేసిన పిల్లాడికి మళ్ళీ చెప్పినట్టు చెప్పింది. గిన్నె నేను వెనక్కి తీసేసుకున్నాను.

మేడం లోపలికొచ్చి ఫారం తీశారు. అభ్యర్థిని గిరిజన ఆహారం పట్ల విముఖత కనబరచినది. కింద నా సంతకానికి చోటు. దాని పైన అచ్చుకొట్టి ఉంది, 'సదరు తిరస్కరణ వలన గిరిజనుని మనోభావాలు గాయపడినవి' అని. నాకేమీ గాయపడలేదమ్మా అన్నాను. నమూనా గిరిజనుని మనోభావాలు ముందుగానే నిర్ధారించబడినవనీ, వాటిని వ్యక్తిగతంగా మార్చుకునే వెసులుబాటు లేదనీ ఆవిడ చెప్పారు. ఆ పిల్ల సవరపిల్ల, ఆ పట్టింపు సవరల పట్టింపు అని ఇద్దరం చెప్పి చూశాం. మేడం పుస్తకం తిరగేశారు. పండగల అధ్యాయంలో డప్పులున్నాయి, నృత్యాలున్నాయి. తినకుండా ఉండడం ఎక్కడా లేదు.

నేను సంతకం పెట్టాను. పెట్టకపోతే ఇంకో తటస్థుణ్ణి తెచ్చుకునేవారు అని మనసుకి చెప్పుకున్నాను. చాలామంది అలాగే చెప్పుకుంటారు.

చామంతి డైరెక్టరు దగ్గరికి వెళ్ళింది. టీ ట్రేతో నేనూ వెనకే వెళ్ళాను. పరాంకుశం గారు జాలిపడ్డారు. ఆయన జాలిపడితే నిబంధనల పుస్తకం తీస్తారు. పద్నాలుగో నిబంధన దొరికింది: విముఖత కనబరచిన అభ్యర్థి ఒక ధ్రువీకృత గిరిజన కుటుంబంతో పదిహేను రోజులు నివసించి, గిరిజన జీవితానికి అలవాటుపడినట్టు ఆ కుటుంబంచేత రాయించుకు తెస్తే చాలు. చామంతి మొహం వెలిగింది. మా ఇంటికి పోతానండీ అంది.

"మీ కుటుంబం ధ్రువీకృతమేనా?"

"మేం సవరలమండీ. కులం సర్టిఫికెట్టు ఉంది."

"అది పుట్టుకకు సంబంధించినది, అమ్మా. ఈ కేంద్రం పరిగణించునది ప్రవర్తన."

కాబట్టి చామంతి తల్లీ తండ్రీ కొండ దిగి వచ్చి, మూడో అంతస్తు ఎక్కి, గిరిజనులేనా కాదా అన్నది నా ముందు రుజువు చేసుకోవలసివచ్చింది.

ఆఫీసువాళ్ళు ఎరగనిదేమంటే, సవరల్లో ఒక ఇంటిని ఆఫీసుకి పిలిస్తే ఒక ఇల్లు రాదు. ఎవళ్ళనీ ఒంటరిగా పంపరు. కందికొత్త ఇంకా రాకముందే, ఒక గురువారం పొద్దున్న జీలుగ్గూడ ఇరవై ఏడు గడపలూ, చంటిపిల్లల్తో సహా, జన్నోడు ముందు నడవగా, నా కొట్టు ముందు దిగారు. వైజయంతి మేడం కిటికీలోంచి చూసి ఎంతో సంతోషించారు. ఇంత పెద్ద నమూనా ఏ పరిశోధకుడికీ దొరకలేదట. అందరినీ పరీక్షించెయ్యమన్నారు.

వాళ్ళు మెట్లెక్కి వచ్చి, థర్మాకోలు కొండని చేత్తో నొక్కి చూశారు. అది లోపలికి పోయింది. చేయి తుడుచుకొని ముందుకి నడిచారు. పాక చూశాక మాత్రం మగవాళ్ళు ఉండలేకపోయారు. వంతు వచ్చేదాకా ఊరికే కూర్చోడమెందుకని నలుగురు పైకెక్కి, గడ్డంతా విప్పి, సరిగా తిప్పి కప్పేశారు. దాన్ని మేడం 'శిక్షణా సామగ్రికి నష్టం' అని రాసుకున్నారు. చామంతి తల్లి సుక్కి నా చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"ఏటి బావూ, ఈ ముసిలితనంలో ఈ కోడీకలేటి నీకు? ఎవులేనా నవ్వరా?"

అవి నెమలీకలు అన్నాను. నెమలి ఏడుస్తాది అంది. ఊరంతా నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వు నా పాత్రలో లేదని మేడం గుర్తుచేశారు.

పరీక్ష మొదలయింది. ఒక్కో గడప వచ్చి కూర్చోడం, నేను గిన్నె ముందు పెట్టడం, వాళ్ళు దానికి దణ్ణం పెట్టి ఊరుకోడం. మొదట చామంతి తండ్రి ఎండయ్య. తర్వాత సుక్కి. తర్వాత వరసగా అందరూ. తెల్లారి బయల్దేరి కాలినడకన దిగినవాళ్ళు, మధ్యాహ్నం రెండయింది, నారాయణమ్మ ఈసారి ఉప్పు సరిగ్గా వేసింది, పాకనిండా ఉడికిన కందికాయ వాసన. ఒక్కడి చెయ్యీ గిన్నెమీదికి రాలేదు. పెద్దవాళ్ళని చూసి పిల్లలు బలవంతాన ఆగుతున్నారేమో అని మేడంకి అనుమానం వచ్చి, మూడేళ్ళ పిల్ల ఒకదాన్ని తల్లి ఒళ్ళోంచి దింపి, గిన్నె ముందు ఒంటరిగా కూర్చోబెట్టమన్నారు. కూర్చోబెట్టాను. ఆ పిల్ల గిన్నెని చూసింది, నన్ను చూసింది, గుటక మింగింది. రెండు చేతులూ మెల్లిగా వెనక్కి పెట్టుకుంది.

నాకు ఆ ఈకలు బరువెక్కాయి. తీసి పక్కన పెట్టాను. మళ్ళీ పెట్టుకోలేదు.

సాయంత్రానికి ఇరవై ఏడు ఫారాలు తయారయ్యాయి. ఇరవై ఏడు గడపలు, ఇరవై ఏడు తిరస్కరణలు, ఇరవై ఏడుసార్లు నా మనోభావాలు గాయపడినవి. 'గిరిజన లక్షణములు: లేవు.' అన్నిటిమీదా నేను సంతకం పెట్టాను, ఈసారి చకచకా పెట్టాను. అది చూసి సుక్కి తిట్టింది. ఏం తిట్టిందో వాళ్ళ భాషలో తిట్టింది, ముప్పై మాటల పుస్తకంలో లేదు. చామంతి మాత్రం నావైపే చూస్తోంది. ఆ ఫారాలు తీసుకొని కిందికి పదమన్నాను.

డైరెక్టరు గదిలో పరాంకుశం గారూ, మేడమూ, చామంతీ. బయట వరండా నిండా జీలుగ్గూడ. మేడం ఫలితం చదివారు. కుటుంబం ధ్రువీకరణ పొందనందున పద్నాలుగో నిబంధన వర్తించదు, అభ్యర్థిని అనుత్తీర్ణురాలు, జూన్ నుంచి బడి పక్క బడిలో విలీనం. చామంతి బల్ల అంచు పట్టుకుంది. అప్పుడు నేను ట్రే దించాను.

"బాబూ, అయిదో తరగతివాణ్ణి, తప్పయితే సెప్పండి. ఈ ఇరవై ఏడు కాయితాలూ నిజమయితే ఆ ఊళ్ళో గిరిజనుడు ఒక్కడూ లేడు. గిరిజనుడు లేని ఊళ్ళో బడి గిరిజన బడి ఎలాగవుద్ది? గిరిజన బడి కానప్పుడు మీ సర్టిఫికెట్టుతో దానికి పనేటి? మామూలు ట్రైనింగు పాసయిన మేష్టరు సాలు. ఈ పిల్ల పాసయింది. కాదు, ఆ కాయితాలు అబద్ధమంటారా, అయితే ఈ పిల్ల మీ పరీక్షా పాసయినట్టే. రెండిట్లో ఏది రాస్తారో రాయండి."

పరాంకుశం గారు పుస్తకం ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిరగేశారు. మేడంవైపు చూశారు.

"పరీక్ష తప్పు కావడానికి వీలులేదు" అన్నారు మేడం. మూడువందల నలభై పేజీలు ఆవిడవి.

పరీక్ష తప్పు కాదు గనక ఊరే తప్పయింది. జీలుగ్గూడ గిరిజనేతర గ్రామమని ఆర్డరు రాయడానికి పరాంకుశం గారు కలం తీశారు. నేను గెలిచాననుకొని మీసం దువ్వుకుంటుంటే, చామంతి చెయ్యి చాపి ఆ కాగితంమీద పెట్టింది.

"అలాగ రాస్తే నాకీ ఉద్యోగం వద్దండి. ఇది బడి సంగతికే, మా భూముల పట్టాలకీ కులం కాగితాలకీ తగలదు అని రాయండి. ముందు అది రాయండి, తర్వాత మిగతాది."

ఆ పిల్లకి బడి ఇప్పించే సంబరంలో వాళ్ళ కాళ్ళకింద నేల ఊడబెరకబోయాను. అయిదో తరగతి తెలివి అంతవరకే. పరాంకుశం గారు అటువంటి వాక్యానికి పూర్వోదాహరణ లేదన్నారు. చామంతి చెయ్యి తియ్యలేదు. బయట వరండాలో జన్నోడు దగ్గాడు, ఇరవై ఏడు గడపలూ లేచి నిలబడిన చప్పుడయింది. ఆఫీసు మూసే వేళయింది, ఇంతమంది వరండాలో ఉండగా తాళం ఎలా వెయ్యాలని ప్యూను వచ్చి అడిగాడు. ఆ ప్రశ్నకి నిబంధన లేదు. పరాంకుశం గారు ఆ వాక్యం రాశారు. చామంతి చదువుకొని, ఒకచోట మాట మార్చమంది. మార్చారు. అప్పుడు చెయ్యి తీసింది.

ఆర్డరు వారం తర్వాత కేంద్రం మొదటి విడత ముగింపు సభలో ఇచ్చారు. కాగితం చామంతి చేతిలో పెడుతుంటే పరాంకుశం గారి తల కిందికి వాలిపోయింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఈ పరీక్షలో తప్పవలసినవాళ్ళం మేము, అమ్మా" అని, చామంతికీ పక్కనున్న నాకూ మాత్రమే వినబడేటట్టు అన్నారు.

జూన్‌లో జీలుగ్గూడ బడి తెరిచారు. తాళం చామంతే తీసింది. ముప్పై ఒక్కమందీ వచ్చారు, గెడ్డ ఎవరూ దాటనక్కర్లేకపోయింది. సర్టిఫికెట్లు వచ్చిన ముప్పై తొమ్మిదిమందిలో నలుగురు కొండకి వెళ్ళారు. మిగతావాళ్ళని, అంత బాగా తెలిసినవాళ్ళు గనక, ఆ కేంద్రంలోనే ట్రైనర్లుగా ఉంచేశారు. గూడెం రెండో విడతకి నాలుగో అంతస్తు వేస్తున్నారు. నా పదవి ఇంకొకడికి ఇచ్చారు, సెలూను నడిపే అతనికి. తటస్థుడే.

ఇంతా చదివి, ముసలాడు ఇందులో ఎన్ని కోతలు కోశాడో అని మీరు అనుకుంటారని తెలుసు. ఎలుగుబంటి సంగతి ముందే ఒప్పుకున్నాను, దాన్ని మళ్ళీ లెక్కలోకి తేకండి. థర్మాకోలు కొండ నిజం. కరెంటుంటేనే కూసే కోడి నిజం. అచ్చుకొట్టిన మనోభావాలు నిజం, ఆ మూడేళ్ళ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకోవడం నిజం. నేను కల్పించింది ఒక్కటే, డైరెక్టరు గారు తల దించుకొని ఆ మాట అనడం. అక్కడ ఆ మాట ఎవరో ఒకరు అనాలనిపించి ఆయన నోట్లో పెట్టాను. నిజానికి ఆ వేళ ఆయన తల నిటారుగానే ఉంది, ఫొటో తీస్తున్నారు. ఆయన అన్నది నాతోనే, వెనకనున్న బోర్డు కనబడటం లేదు, కొంచెం పక్కకి జరగమని.